ఇంగ్లండులో ‘హయ్యర్ రిస్క్’ భవనంలో ఫ్లాటు ఉందా? ఉత్తరానికి భయపడే ముందు తెలుసుకోవలసినవి

మీ ప్రశ్న సారాంశం ఇది: తూర్పు లండన్‌లో పదకొండు అంతస్తుల భవనంలో 2023లో దీర్ఘకాల లీజు మీద ఫ్లాటు కొన్నారు. ఆ భవనం ‘హయ్యర్ రిస్క్ బిల్డింగ్’గా నమోదైందని, ఏటా మీ ఫ్లాటు తలుపును పరీక్షించడానికి మనుషులు వస్తారని, బయటి గోడల మరమ్మతులకు ఖర్చు పడవచ్చని మేనేజింగ్ ఏజెంటు ఉత్తరం రాశారు. ఆ భవనంలో ఉండటం ప్రమాదమా, డబ్బు మీరే కట్టాలా, వాళ్లను లోపలికి రానివ్వక తప్పదా అని అడిగారు. వంటగది గోడ తీసేయాలన్న ఆలోచన, మీతోనే ఉంటున్న అమ్మగారి మోకాళ్ల నొప్పుల గురించిన దిగులు కూడా రాశారు.

ఇంగ్లండులో నివాస భవనాల అగ్నిభద్రతను మదింపు చేయడం నా వృత్తి. ఇలాంటి ఉత్తరం పట్టుకుని కంగారుగా ఫోను చేసే మనవాళ్లను తరచూ చూస్తుంటాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండుకే వర్తిస్తుంది. వేల్స్, స్కాట్లండ్ నిబంధనలు వేరు.

మొదట మీ భయం సంగతి. ‘హయ్యర్ రిస్క్’ అనే ముద్రకు, మీ భవనం బాగుందా లేదా అన్నదానికి సంబంధం లేదు. ఎవరో వచ్చి పరీక్షించి, లోపాలు కనిపెట్టి ఆ పేరు పెట్టలేదు. భవనం ఎత్తు, అందులో ఉన్న ఇళ్ల సంఖ్య మాత్రమే చూస్తారు. కనీసం 18 మీటర్ల ఎత్తు గానీ, కనీసం 7 అంతస్తులు గానీ ఉండి, అందులో రెండు లేదా అంతకంటే ఎక్కువ నివాసాలుంటే అది చట్టం దృష్టిలో హయ్యర్ రిస్క్ భవనమే. నిన్న కట్టిన అద్దాల మేడైనా, యాభై ఏళ్ల నాటి కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ) భవనమైనా ఒకటే లెక్క. అంత ఎత్తులో మంటలు చెలరేగినా, నిర్మాణం కూలినా ఎక్కువ ప్రాణాలకు ముప్పు కనుక అక్కడ ఎక్కువ జాగ్రత్త ఉండాలన్నది దీని వెనుక ఆలోచన.

కొలిచే పద్ధతిలో మనవాళ్లు పొరబడే చోట్లు రెండున్నాయి. 18 మీటర్లంటే పైకప్పు దాకా కాదు. భవనాన్ని ఆనుకుని ఉన్న నేలలో అన్నిటికంటే పల్లపు చోటు నుంచి చిట్టచివరి అంతస్తు నేల వరకు కొలుస్తారు. యంత్రాలు మాత్రమే ఉండే పై అంతస్తును లెక్కలోకి తీసుకోరు. అంతస్తుల లెక్కలో గ్రౌండ్ ఫ్లోరు కూడా ఒకటి. లిఫ్టులో చివరి మీట ‘6’ అని ఉంటే అది ఏడంతస్తుల భవనమన్నమాట. మన ఊళ్లో జీ ప్లస్ సిక్స్ అంటామే, అది. భూమి లోపలి అంతస్తులను లెక్కించరు. మీది పదకొండు అంతస్తులు కనుక సందేహమే లేదు. ఆరేడు అంతస్తుల భవనాల్లో ఉన్నవాళ్లు మాత్రం లెక్క సరిచూసుకోవాలి.

ఈ చట్టం ఎందుకు వచ్చిందో తెలిస్తే మీ తలుపు దగ్గరకు మనుషులు ఎందుకు వస్తున్నారో తెలుస్తుంది. మీకు దగ్గరలోనే కానింగ్ టౌన్‌లో 1968 మే 16న రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో 18వ అంతస్తు వంటగదిలో గ్యాస్ పేలింది. పేలుడు చిన్నదే. కానీ ముందే పోతపోసిన కాంక్రీటు పలకలతో కట్టిన ఆ భవనంలో ఒక గోడ పక్కకు జరిగేసరికి ఆ మూల మొత్తం పై నుంచి కింది దాకా కూలిపోయింది. నలుగురు చనిపోయారు. ఒక చోట దెబ్బ తగిలితే భవనమంతా పడిపోకూడదన్న నిర్మాణ నియమం ఆ తర్వాతే వచ్చింది. 2009 జూలై 3న కాంబర్‌వెల్‌లోని లాకనల్ హౌస్‌లో అగ్నిప్రమాదం ఆరుగురిని బలితీసుకుంది. దాని నుంచి పాఠాలు నేర్చుకునే అవకాశం ఉండింది. నేర్చుకోలేదు.

2017 జూన్ 14న నార్త్ కెన్సింగ్టన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయింది. అర్ధరాత్రి దాటాక నాలుగో అంతస్తులోని ఒక వంటగదిలో ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట అది. కాంక్రీటు భవనంలో అలాంటి మంట ఆ ఒక్క ఫ్లాటులోనే ఆగిపోవాలి. అయితే అంతకు ముందు ఏడాదే ముగిసిన మరమ్మతుల్లో బయటి గోడలకు అల్యూమినియం పలకలు తొడిగారు. రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలీన్, అంటే చక్కగా మండే ప్లాస్టిక్. మంట కిటికీ దగ్గర నుంచి ఆ పలకలకు అంటుకుని, చూస్తుండగానే పైకప్పు దాకా పాకింది. 72 మంది చనిపోయారు. ‘ఫ్లాట్లలోనే ఉండండి’ అన్న అగ్నిమాపక దళం సలహాను అధికారికంగా వెనక్కి తీసుకునేసరికి తెల్లవారుజామున 2:47 అయింది. మొదటి ఫోను 12:54కే వెళ్లింది.

విచారణ సంఘం తుది నివేదిక 2024 సెప్టెంబరు 4న వచ్చింది. ఆ మరణాలన్నీ నివారించదగినవేనని అధ్యక్షుడు సర్ మార్టిన్ మూర్-బిక్ ప్రకటించారు. తొలి నివేదికలో ఉన్న ఇంకో విషయం నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. చాలా ఫ్లాట్ల ముందు తలుపులు వాటంతట అవి మూసుకోలేదు. కొన్నిటికి తలుపును వెనక్కి లాగే పరికరమే లేదు, కొన్నిటికి ఉన్నా పనిచేయలేదు. మనుషులు పారిపోతూ తలుపు వెనక్కి లాగలేదు, అలాంటి వేళ ఎవరు లాగుతారు? తెరిచి ఉన్న తలుపుల గుండా పొగ వరండాల్లోకి, అక్కడి నుంచి ఉన్న ఒకే ఒక్క మెట్ల దారిలోకి చేరింది. మీ తలుపును ఏటా పరీక్షిస్తామన్న ఆ ఒక్క వాక్యం వెనుక ఇంత విషాదం ఉంది.

గ్రెన్‌ఫెల్ తర్వాత ప్రభుత్వం ఇంజనీరు డేమ్ జూడిత్ హాకిట్‌కు భవన నియమాల సమీక్ష అప్పగించింది. 2018 మేలో ఆమె ఇచ్చిన నివేదిక మొత్తం వ్యవస్థనే తప్పుపట్టింది. ఎవరికి ఏ బాధ్యతో స్పష్టత లేదు, భవనంలో ఏ వస్తువు వాడారో చెప్పే కాగితాలు లేవు, నివాసుల మాట వినే నాథుడు లేడు. ఈ మూడు లోపాలకు సమాధానంగానే 2022 ఏప్రిల్ 28న బిల్డింగ్ సేఫ్టీ చట్టం వచ్చింది. దాని కింద బిల్డింగ్ సేఫ్టీ రెగ్యులేటర్ ఏర్పడింది. మొదట దాన్ని ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈలో భాగంగా పెట్టారు. వేరే సంస్థగా మారుస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది.

మనవాళ్లలో చాలామంది ‘ఈ బిల్డింగ్‌కు ఫైర్ ఎన్‌ఓసీ ఉందా?’ అని అడుగుతారు. ఇక్కడ అలాంటి ఒక్క కాగితం లేదు. దాని బదులు ఒక మనిషి గానీ సంస్థ గానీ ఉంటుంది. చట్టం ‘అకౌంటబుల్ పర్సన్’ అంటుంది. భవనం ఉమ్మడి భాగాలు, అంటే నిర్మాణం, మెట్లు, వరండాలు, బయటి గోడలు ఎవరి అధీనంలో ఉంటే, లేదా వాటి మరమ్మతు బాధ్యత ఎవరిదైతే వాళ్లు. సాధారణంగా ఫ్రీహోల్డరు (భవనం, స్థలం అసలు యజమాని), కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ లేదా నివాసులే నడిపే కంపెనీ. ఒకరికంటే ఎక్కువమంది ఉంటే వారిలో ఒకరు ప్రిన్సిపల్ అకౌంటబుల్ పర్సన్. మీకు ఉత్తరం రాసిన మేనేజింగ్ ఏజెంటు ఆ వ్యక్తి కాకపోవచ్చు, వాళ్ల తరఫున పనిచేసేవాడు కావచ్చు. ఏజెంటుకు పని అప్పగించవచ్చు గానీ, చట్టపరమైన బాధ్యతను అప్పగించడం కుదరదు. కనుక మీరు మొట్టమొదట తెలుసుకోవలసింది ఆ పేరే. భవనంలో అందరికీ కనిపించే చోట ఆ వివరాలు ప్రదర్శించాలి కూడా.

వాళ్లు చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. మనుషులు నివసిస్తున్న పాత భవనాలన్నిటినీ 2023 సెప్టెంబరు నెలాఖరులోగా నమోదు చేసి ఉండాలి. ఆ తర్వాత నమోదు లేకుండా జనాన్ని ఉండనివ్వడం నేరం. మంటలు వ్యాపించడం, నిర్మాణం దెబ్బతినడం అనే రెండు ముప్పులను మదింపు చేసి, వాటిని ఎలా అదుపులో ఉంచుతున్నారో చూపే ‘సేఫ్టీ కేస్ రిపోర్టు’ తయారు చేయాలి. భవనం తాలూకు సమాచారమంతా డిజిటల్ రూపంలో, ఎప్పటికప్పుడు సరిదిద్దుతూ దాచాలి. హాకిట్ ‘గోల్డెన్ థ్రెడ్’ అన్నది దీన్నే. రెగ్యులేటర్ పిలిచినప్పుడు 28 రోజుల్లో బిల్డింగ్ అసెస్‌మెంట్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. ఈ పిలుపులు 2024 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. భవనాలు వేలల్లో ఉన్నాయి కాబట్టి అన్నిటికీ పిలుపు అందడానికి ఏళ్లు పడుతుంది. మీ భవనానికి ఇంకా సర్టిఫికెట్ రాలేదంటే అది తప్పనిసరిగా లోపం కాదు, వంతు రాలేదేమో. అయితే సర్టిఫికెట్ రాకపోయినా సేఫ్టీ కేస్ రిపోర్టు మాత్రం ఉండి తీరాలి.

నా దృష్టిలో ఈ చట్టంలో అన్నిటికంటే విలువైన భాగం నివాసులకు దక్కిన సమాచార హక్కు. దీన్ని వాడుకునేవాళ్లు మరీ తక్కువ. 16 ఏళ్లు నిండిన ప్రతి నివాసికీ, సొంతదారు అయినా అద్దెకున్నా, భద్రతా సమాచారం అడిగే హక్కుంది. ఇప్పటి, పాత ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్ల పూర్తి ప్రతులు, మరమ్మతుల ప్రణాళిక, తనిఖీల ఫలితాలు, భవనం అగ్నిభద్రతా వ్యూహం, నిర్మాణ మదింపులు అడగవచ్చు. నివాసుల అభిప్రాయం ఎలా తీసుకుంటారో చెప్పే వ్యూహపత్రం కూడా అడగండి. ఉత్తరంలో ‘గోడల మరమ్మతు’ అన్న రెండు మాటలు చూసి రాత్రంతా నిద్రపోకుండా ఉండే బదులు, బయటి గోడల మదింపు నివేదిక పంపమని రాయండి. పాస్ 9980 అనే పద్ధతిలో చేసిన ఆ నివేదికలో గోడలో ఏ వస్తువు ఎక్కడుందో, ముప్పు ఎంతో, ఏం చేయాలో ఉంటుంది. ఇళ్ల రుణాల కోసం బ్యాంకులు అడిగే ఈడబ్ల్యూఎస్1 పత్రం వేరు. అది చట్టం అడిగేది కాదు, భద్రతా మదింపుకు ప్రత్యామ్నాయమూ కాదు.

సమాధానం రాకపోయినా, వచ్చింది సరిపోకపోయినా భవనం తాలూకు ఫిర్యాదు పద్ధతి ద్వారా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే రెగ్యులేటర్‌కు వెళ్లవచ్చు. ఫోనులో మాట్లాడి ఊరుకోకండి. మనవాళ్లు మర్యాద కోసం ఫోను చేసి, ‘చూస్తాం’ అన్న మాట విని నెలలు గడిపేస్తారు. ఈ వ్యవహారంలో కాగితం మీద లేని మాటకు విలువ లేదు.

ఇక మీ వైపు బాధ్యతలు. వాళ్లను రానివ్వక తప్పదా అంటే, సరైన కారణంతో, ముందుగా రాతపూర్వకంగా చెప్పి, సబబైన సమయానికి వస్తామంటే రానివ్వాలి. కాదంటే వాళ్లు కౌంటీ కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోగలరు. తలుపు పరీక్ష 2022 నాటి అగ్నిభద్రత నిబంధనల కింద జరిగేది. 2023 జనవరి 23 నుంచి అమల్లో ఉంది. పై అంతస్తు 11 మీటర్లు దాటిన నివాస భవనాల్లో ఉమ్మడి తలుపులను మూడు నెలలకోసారి, ఫ్లాట్ల ముందు తలుపులను ఏడాదికోసారి చూడాలి. అయిదారు నిమిషాల పని. తలుపు తనంతట తాను పూర్తిగా మూసుకుంటోందా, అంచుల చుట్టూ సందులు ఎక్కువగా ఉన్నాయా, వేడికి ఉబ్బి సందులను మూసే పట్టీలు చెక్కుచెదరకుండా ఉన్నాయా, ఎవరైనా కొత్త తాళం కోసం తలుపుకు రంధ్రాలు చేశారా అని చూస్తారు. వచ్చే మనిషి దగ్గర గుర్తింపు కార్డు అడగడం మీ హక్కు, అడగండి.

చట్టం నివాసులపై పెట్టిన విధులు మూడే. ముప్పు కలిగించే పని చేయకూడదు, భద్రతా పరికరాలను కదపకూడదు, బాధ్యులు అడిగిన అవసరమైన సమాచారం ఇవ్వాలి. రోజువారీ జీవితంలో ఇవి ఎక్కడ తగులుతాయో మన ఇళ్లను చూసిన అనుభవంతో చెబుతాను. తలుపు బరువుగా ఉందని, పిల్లల వేళ్లు నలుగుతాయని తలుపును వెనక్కి లాగే క్లోజర్ ఊడదీసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. బరువుగా ఉంటే సర్దమని అడగండి, సర్దవచ్చు. పోపు పొగకు మోగుతోందని స్మోక్ అలారానికి ప్లాస్టిక్ సంచి కట్టకండి. గుమ్మం బయట వరండాలో చెప్పుల స్టాండు పెట్టడం మనకు అలవాటు. ఇక్కడ ఆ వరండా మీ వాకిలి కాదు, పొగలో చూపు ఆనని మనిషి తడుముకుంటూ వెళ్లే దారి. చెప్పులు లోపల పెట్టుకోండి. దీపావళికి దీపాలు ఇంట్లో, కళ్లెదుట పెట్టుకోండి. వరండాలో, బాల్కనీలో వద్దు. విద్యుత్ స్కూటర్లు, సైకిళ్ల బ్యాటరీలను ముందు తలుపు దగ్గర చార్జింగ్ పెట్టి పడుకోవడం అన్నిటికంటే ప్రమాదం. లిథియం బ్యాటరీ మంట పేలుడులా లేస్తుంది, అది గుమ్మంలోనే ఉంటే బయటికి దారి ఉండదు. లండన్ ఫైర్ బ్రిగేడ్ దీని గురించి పదేపదే హెచ్చరిస్తోంది.

వంటగది గోడ విషయంలో నా సలహా సూటిగా: ఇప్పుడే సుత్తి పట్టించకండి. 2023 అక్టోబరు 1 నుంచి హయ్యర్ రిస్క్ భవనాల్లో బిల్డింగ్ నియమాల అనుమతి ఇచ్చేది రెగ్యులేటర్ ఒక్కరే. కౌన్సిల్ గానీ, ప్రైవేటు ఇన్‌స్పెక్టర్ గానీ ఇవ్వలేరు. ‘మాకు తెలిసిన బిల్డర్ చూసుకుంటాడు’ అన్న మాట ఇక్కడ చెల్లదు. లీజు ప్రకారం ఫ్రీహోల్డరు అనుమతి విడిగా కావాలి. ఇప్పటికే ఉన్న భవనంలో పనులకు నిర్ణయ గడువు 8 వారాలు, కానీ ఆచరణలో చాలా దరఖాస్తులకు అంతకంటే ఎక్కువే పట్టింది. అర్హత పథకాల్లో నమోదైన వృత్తినిపుణులు చేసే కొన్ని విద్యుత్, గ్యాస్ పనులకు మినహాయింపులున్నాయి గానీ గోడలు తీయడం అందులోకి రాదు. అసలు ఆ గోడ ఎందుకుందో ఆలోచించండి. చాలా ఫ్లాట్లలో ముందు తలుపు నుంచి పడకగదుల దాకా ఉండే నడవాను మంటను కాసేపు ఆపే గోడలతో, తలుపులతో కడతారు. వంటగదిలో మంట లేస్తే పడకగదిలో ఉన్నవాళ్లు ఆ నడవా గుండా బయటపడటానికి. గోడ తీసేస్తే పడుకున్నవాళ్లు పొయ్యి పక్క నుంచే పరుగెత్తాలి. కొన్ని చోట్ల స్ప్రింక్లర్లు, అదనపు అలారాలతో పరిష్కారం దొరుకుతుంది. అది అగ్నిభద్రతా ఇంజనీరు లెక్క వేసి చెప్పవలసిన సంగతి.

ఇప్పుడు డబ్బు. ఎక్కువమందికి తెలియనిదీ, ఎక్కువ నష్టపోతున్నదీ ఇక్కడే.

2022 చట్టం ఎనిమిదో షెడ్యూలులో లీజుదారులకు రక్షణ ఉంది. ఇది 18 మీటర్ల భవనాలకే పరిమితం కాదు, కనీసం 11 మీటర్లు లేదా కనీసం 5 అంతస్తులు ఉన్న వాటన్నిటికీ వర్తిస్తుంది. నివాసులే ఫ్రీహోల్డు కొనుక్కున్న భవనాలకు వర్తించదు. రక్షణ పొందే లీజుకు షరతులివి: 2022 ఫిబ్రవరి 14కు ముందు ఇచ్చినదై ఉండాలి, 21 ఏళ్లకు మించిన లీజై సర్వీస్ చార్జి (భవనం నిర్వహణ ఖర్చులో లీజుదారు వాటా) కట్టేదై ఉండాలి, ఆ తేదీన దాని యజమానికి ఆ ఫ్లాటే ప్రధాన నివాసం అయి ఉండాలి, లేదా అతనికి ఆ ఫ్లాటు కాకుండా యూకేలో మరో రెండు ఇళ్లకు మించి ఉండకూడదు. యూకేలో అన్న మాట గమనించండి. హైదరాబాదులో అపార్ట్‌మెంటు, విజయవాడలో ఇల్లు ఉన్నాయని తమకు రక్షణ లేదనుకుని బిల్లు కట్టేసినవాళ్లు నాకు తెలుసు. అవి లెక్కలోకి రావు.

మీరు 2023లో కొన్నారు. చాలామంది ఇక్కడ ‘నేను ఆ తేదీ తర్వాత కొన్నాను, నాకు రాదు’ అనుకుంటారు. అర్హత ఆ తేదీన ఉన్న యజమాని పరిస్థితిని బట్టి తేలుతుంది, ఆ తర్వాత లీజుతో పాటు కొన్నవారికి బదిలీ అవుతుంది. మీకు అమ్మినవారు ఆ రోజున అక్కడే ఉంటూ ఉంటే మీ లీజుకు రక్షణ ఉంది. దానికి రుజువు ‘లీజ్‌హోల్డర్ డీడ్ ఆఫ్ సర్టిఫికెట్’ అనే పత్రం. కొనుగోలు సమయంలో మీ సొలిసిటర్ (న్యాయవాది) దాన్ని తీసుకుని ఉండాలి. ఇప్పుడే ఫైలు తెప్పించి చూడండి. లేకపోతే పాత యజమానిని వెతికి సంతకం చేయించుకోవలసి రావచ్చు, ఆలస్యమయ్యేకొద్దీ వాళ్లు దొరకడం కష్టం. ఫ్రీహోల్డరు అడిగాక గడువులో ఆ పత్రం ఇవ్వకపోతే రక్షణ లేని లీజుగా చూసే వీలుంది. తర్వాత లీజు కాలం పొడిగించుకుంటే రక్షణ పోతుందేమోనన్న చిక్కును 2023లో మరో చట్టంతో సరిదిద్దారు.

రక్షణ ఉంటే ప్రమాదకరమైన క్లాడింగ్ (బయటి గోడలకు తొడిగిన పలకలు) తొలగించి మార్చే ఖర్చులో మీ వంతు సున్నా. ఒక్క పౌండు కూడా అడగకూడదు. క్లాడింగ్ కాని లోపాలకు, అంటే గోడల మధ్య మంటను ఆపే అడ్డుకట్టలు లేకపోవడం, ఫ్లాట్ల మధ్య పైపులు వెళ్లే రంధ్రాలు మూయకపోవడం వంటి వాటికి పరిమితులున్నాయి. 2022 ఫిబ్రవరి 14 నాటికి ఫ్లాటు విలువ లండన్‌లో 3,25,000 పౌండ్లకు, మిగతా ఇంగ్లండులో 1,75,000 పౌండ్లకు లోపు ఉంటే వాటికీ సున్నాయే. అంతకు మించి 10 లక్షల పౌండ్ల దాకా అయితే లండన్‌లో గరిష్ఠంగా 15,000, బయట 10,000 పౌండ్లు. 10 నుంచి 20 లక్షల మధ్య 50,000. ఆపైన లక్ష. ఇవి ఏడాదికి అడిగేవి కావు, మొత్తం మీద హద్దులు. ఒక ఏడాదిలో అందులో పదోవంతుకు మించి అడగకూడదు. మీ ఫ్లాటు విలువ నాలుగు లక్షల పౌండ్ల చిల్లర అన్నారు కనుక ఏడాదికి 1,500 మించదు. రాత్రింబవళ్లు కాపలా మనుషుల్ని పెట్టే ‘వేకింగ్ వాచ్’ ఖర్చు కూడా ఆ హద్దులోనిదే. 2017 జూన్ 28 తర్వాత ఇలాంటి లోపాల కింద ఇప్పటికే కట్టినది ఉంటే అదీ తీసివేయాలి.

చాలాసార్లు ఆ మాత్రం కూడా కట్టనక్కరలేదు. ఫ్రీహోల్డరు కంపెనీల సముదాయం నికర విలువ 2022 ఫిబ్రవరి 14న భవనానికి 20 లక్షల పౌండ్లకు మించి ఉంటే, రక్షణ ఉన్న లీజుదారులు ఏమీ కట్టనక్కరలేదు. ఆ లోపానికి ఫ్రీహోల్డరు లేదా అతని అనుబంధ సంస్థే కారణమైతే, రక్షణ లేని లీజుల నుంచి కూడా వసూలు చేయకూడదు. ఇవన్నీ ఫ్రీహోల్డరు ‘ల్యాండ్‌లార్డ్ సర్టిఫికెట్’ రూపంలో ప్రకటించాలి. మీరు అడిగితే నాలుగు వారాల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే వాళ్లకు ఖర్చు భరించే స్తోమత ఉన్నట్టే చట్టం భావిస్తుంది, అంటే మీ నుంచి వసూలు చేయలేరు. అందుకే బిల్లు వస్తే చెల్లించే ముందు ఆ సర్టిఫికెట్ చూపమనండి. వాళ్లు పని మొదలుపెట్టకుండా సాగదీస్తుంటే లోపాలు సరిచేయమని ఇలాంటి వివాదాలు తేల్చే ఫస్ట్-టియర్ ట్రైబ్యునల్ ద్వారా ఉత్తర్వు కోరే దారి కూడా ఉంది.

రక్షణ లేనివేమిటో కూడా చెప్పాలి. 1992 జూన్ 28కి ముందు కట్టినప్పటి లోపాలు దీని కిందికి రావు. లిఫ్టుల నిర్వహణ, అలారాల సర్వీసింగ్ వంటి మామూలు ఖర్చులూ అంతే. సేఫ్టీ కేస్ తయారీ, తనిఖీలు, సమాచార నిర్వహణ వంటి కొత్త విధుల ఖర్చు సర్వీస్ చార్జిలో వస్తుంది. మీ సర్వీస్ చార్జి పెరిగింది అందుకే కావచ్చు. తప్పు చేయని నివాసి నెత్తిన ఇది పడటం నాకు న్యాయంగా తోచదు, కానీ చట్టం అలాగే ఉంది. మొత్తం సబబుగా లేదనిపిస్తే దాన్ని ట్రైబ్యునల్‌లో ప్రశ్నించవచ్చు. విడి పద్దులుగా లెక్క చూపమని అడగండి, ‘ఫైర్ సేఫ్టీ’ అని ఒకే పద్దు కింద అన్నీ కలిపేస్తే ఒప్పుకోకండి.

మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక. భవనాన్ని నివాసుల కంపెనీయే నడుపుతున్న చోట్ల చదువుకున్నవాళ్లని, కంప్యూటర్ రంగంలో ఉన్నవాళ్లని మనవాళ్లను డైరెక్టర్లుగా ఉండమని అడుగుతుంటారు. సేవ చేద్దామని ఒప్పుకుంటారు. ఆ కంపెనీయే అకౌంటబుల్ పర్సన్ అయితే విధుల ఉల్లంఘనకు కంపెనీతో పాటు డైరెక్టర్ల మీద కూడా నేరారోపణ రావచ్చు. వద్దని చెప్పడం లేదు, మంచి మనుషులు ముందుకు రాకపోతే ఆ భవనాలు బాగుపడవు. ఒప్పుకునే ముందు సేఫ్టీ కేస్ రిపోర్టు, తాజా ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్, అందులో మిగిలిపోయిన పనుల జాబితా, డైరెక్టర్ల బీమా పత్రం చదవండి.

చివరగా అమ్మగారి విషయం. మంట వేరే ఫ్లాటులో ఉంటే మీ ఫ్లాటులోనే ఉండాలా, అందరూ ఒక్కసారిగా దిగాలా అన్నది భవనాన్ని బట్టి ఉంటుంది. కింద నోటీసు బోర్డులో రాసి ఉంటుంది, ఏటా మీకు కాగితం రూపంలో కూడా తెలియజేయాలి. గోడల్లో లోపం బయటపడినప్పుడు ఈ పద్ధతి మారుతుంది, కనుక పాత కాగితాన్ని నమ్ముకోకండి. ఏ పద్ధతి ఉన్నా మీ ఫ్లాటులోనే మంట లేచినా, పొగ గానీ వేడి గానీ మీ దాకా వచ్చినా వెంటనే బయటికి వచ్చి 999కి ఫోను చేయాలి.

సాయం లేకుండా మెట్లు దిగలేని నివాసుల కోసం 2025లో కొత్త నిబంధనలు తెచ్చారు, 2026 ఏప్రిల్ 6 అమలు తేదీ. భవనం బాధ్యులు అలాంటివారిని గుర్తించడానికి ప్రయత్నించాలి. వారు ఒప్పుకుంటే వారి పరిస్థితిని బట్టి మదింపు చేసి, మంట వచ్చినప్పుడు వారు ఏం చేయాలో రాతపూర్వకంగా తేల్చాలి. వారి అంగీకారంతో ఫ్లాటు నంబరు, ఎలాంటి సాయం కావాలన్న వివరం అగ్నిమాపక దళానికి అందాలి. ఎత్తైన భవనాల్లో కింద తాళం వేసి ఉంచే సమాచార పెట్టెను సిబ్బంది రాగానే తెరుస్తారు, ఆ వివరం అందులో కూడా ఉంటుంది. ఇది బలవంతం కాదు, అమ్మగారు వద్దంటే వద్దు. కానీ మోకాళ్ల నొప్పులు ‘వైకల్యం’ కాదులే అని మీరే తీర్మానించుకుని ఊరుకోకండి. ఇన్ని అంతస్తుల మెట్లు, పొగ, లిఫ్టు లేదు అన్న పరిస్థితిలో ఆమె దిగగలరా అన్నదే ప్రశ్న. ల్యాండ్‌లార్డ్ సర్టిఫికెట్, గోడల నివేదిక అడుగుతూ మీరు రాసే ఉత్తరంలోనే మొదటి పేరాగా ఇది రాయండి: ఫ్లాటు నంబరు, ఆమె వయసు, ఎన్ని మెట్లు ఆగకుండా దిగగలరో, రాత్రిపూట ఇంట్లో తోడు ఎవరుంటారో.